పంతులుగారి కాగితం మడత

నరహరికి కుక్కలంటే భయమన్న సంగతి కాశీబుగ్గలో మనుషుల కంటే ముందు కుక్కలు కనిపెట్టాయి. రోజూ పొద్దున్న ఏడుంపావుకి మోపెడ్ మీద లాబ్‌కి బయల్దేరేవాడు. చేపల బజారు మలుపు రాగానే రెండు కాళ్ళూ ఎత్తి హేండిల్ దాకా తెచ్చేసుకునేవాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, నుదుట మూడు విభూతి గీతలు, ఒళ్ళో టిఫిన్ కేరేజీ, గాల్లో కాళ్ళు. "పంతులుగారి ఇమానం లేచిపోనాది, పాలు దించండ్రా" అనేవాడు మలుపులో టీకొట్టు రమణ. ఎవరూ అడక్కపోయినా నరహరి, "మోకాళ్ళు పట్టేస్తున్నాయోయ్, కాస్త చాపుకుంటే హాయి" అని సంజాయిషీ చెప్పి మరీ వెళ్ళేవాడు.

వాళ్ళ నాన్న టెక్కలిలో శివాలయం అర్చకుడు. కొడుకు లాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతానంటే, "పరాయివాళ్ళ నెత్తురు ముట్టుకునే ఉద్యోగమా?" అని మూడు రోజులు మాట్లాడలేదు. ఇప్పటికీ నరహరి భార్య శశికళ, పెరట్లో నాలుగు చెంబులు గుమ్మరించుకున్నాకే ఆయన్ని వంటింటి గడప తొక్కనిస్తుంది. ఆ నాలుగు చెంబుల కిందా ఇరవై ఎనిమిదేళ్ళు గడిచిపోయాయి. చేపల బజారుకి మూడు వీధుల అవతల, పలాసలో ఉన్న ఆ చిన్న లాబ్‌లో, ఆయన సూది గుచ్చని ఇల్లు చుట్టుపక్కల ఉద్దానం పల్లెల్లో తక్కువ.

ఇంకో చోట ఎవరైనా ఎదురుపడి "ఎంతుంది?" అంటే పొలం సంగతో జీతం సంగతో అడిగినట్టు. వజ్రపుకొత్తూరు వైపు అలా అడిగితే నెత్తుట్లో క్రియాటినిన్ ఎంతుందని, కిడ్నీలు పాడయ్యేకొద్దీ పెరిగే అంకె అది. చదువు రాని ముసలమ్మలు కూడా ఆ మాటని నోరు తడబడకుండా పలుకుతారు. ఒకటిలో ఉంటే కొబ్బరికాయ కొడతారు, రెండు దాటితే చంటిపిల్లల మొహం చూసుకుంటారు. కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇంతవరకూ ఎవరూ తేల్చి చెప్పలేదు గానీ, ఎంత పోయాయో చెప్పడానికి నరహరి ఉన్నాడు.

చెప్పడానికి అన్నాను గానీ, ఆయన చెప్పడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కౌంటరు దగ్గర పదిమంది నిలబడి ఉండగా ఒక తల్లితో, "మీవాడికి ఎనిమిది పాయింట్ నాలుగమ్మా" అనేశాడు. ఆవిడ మారు మాట్లాడకుండా అక్కడే కింద కూర్చుండిపోయింది. సాయంత్రం లాబ్ కట్టేసేదాకా లేవలేదు. ఆ తరవాత నరహరి ఫలితాన్ని నోటితో చెప్పడం మానేశాడు. బాగుంటే కాగితం విప్పి చేతికిచ్చేవాడు. బాగులేకపోతే నాలుగు మడతలు పెట్టి, అంచు గోటితో నొక్కి, కళ్ళు రిజిస్టరు మీద పెట్టి ఇచ్చేవాడు. ఇది ఊళ్ళకి ఊళ్ళే పట్టేశాయి. లాబ్ ముందు బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఆయన మొహం చూసేవారు కాదు, చేతులు చూసేవారు. ఫోనుల్లో కూడా అదే ప్రశ్న: "పంతులు మడిచీసినాడా?"

మన్మథరావు కాగితం తొమ్మిదేళ్ళ కిందట మడిచాడు. మన్మథరావుకి సముద్రం వైపు నాలుగెకరాల జీడితోట, ఆ తోటలో ఇంట్లో మనిషి అతనొక్కడే. ఇప్పుడు వారానికి మూడు రోజులు డయాలసిస్ సెంటర్లో నాలుగేసి గంటలు పడుకుంటాడు. నెలకోసారి ఈ లాబ్‌కి వస్తాడు. తన కాగితం ఇస్తుంటే చూడను కూడా చూడడు. "ఇంకేటి మడుత్తారు పంతులుగారూ, నాది పాత బట్టే గదా" అని జేబులో కుక్కుకుని పోతాడు.

ఆ మన్మథరావు వైశాఖంలో ఒక సోమవారం పూట ఆటోలో కుక్కని తీసుకొచ్చాడు.

"ఓలమ్మో" అంది కౌంటరులోని ఇందుమతి. పదిహేనేళ్ళుగా ఆ కంప్యూటరు ఆవిడదే, నోరు అంతకు ముందు నుంచీ ఆవిడదే. "మావా, ఇది పశువుల ఆస్పత్రి కాదు."

"తెలుసమ్మా. ఈడు కూడా మా బోరు నీల్లే గదా తాగతన్నాడు, ఆరేళ్ళ నుంచీ! కుండ ఖాళీ సేసీ దాక వొదలడం నేదు. సిక్కిపోనాడు. నాకూ మొదట్ల ఇలగే అయినాది." మన్మథరావు గొంతు తగ్గించాడు. "ఒక్కపాలి సూసీండి పంతులుగారూ. ఎంతున్నాదో."

కుక్క పేరు మేనేజరు. తిత్లీ తుపానుకి తోట మొత్తం పడిపోయినప్పుడు, కూలిన జీడిచెట్టు కొమ్మల కింద కళ్ళు తెరవని పిల్ల దొరికిందట. పెరిగాక, కూలీలు పిక్కలు ఏరుతుంటే వరస చివర కూర్చుని అందర్నీ ఒక కంట చూస్తుండేది, ఆ పేరు వాళ్ళే పెట్టారు. ఎర్రటి ఒళ్ళు, నల్ల మూతి, ఒక చెవి నిలబడి ఇంకోటి వాలి ఉంటుంది. నరహరి గుమ్మంలో ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టి నిలబడ్డాడు.

"కరుస్తుందా?"

"మేనేజరు కదండీ, అరుత్తాడు. కరవడు."

కుక్క నెత్తురు తీయడం ఆ రోజు నరహరి జీవితంలో మొదటిసారి. మేనేజరు మాత్రం యజమాని డయాలసిస్ చూసి నేర్చుకున్నట్టు, ముందు కాలు తనే చాపింది. ఆయన రెండుసార్లు వెనక్కి తగ్గాడు గానీ కుక్క కాలు కదలలేదు. తీశాక మన్మథరావు దాని మెడ నిమురుతూ, "ఇదిగో, దవడ కింద బిళ్ళలు కట్టినాయి కూడా. సూడండి, జీడిపిక్కలంతేసి" అన్నాడు. నరహరి చూశాడు, ముట్టుకోలేదు. "ఎక్కడో పుండు ఉంటుంది లెండి. పుండుంటే బిళ్ళలు కట్టవూ?" అనేశాడు.

లోపల ఇందుమతికి వేరే చిక్కు వచ్చి పడింది. "మనుషుల కంప్యూటరండీ. పేరు రెండు మాటలుంటే గానీ తీసుకోదు. మేనేజరు, ఇంకా?"

"రావు అని పెట్టీమ్మా, మా ఇంట్లో అందరికీ అదే గదా."

"మిస్టర్ పెట్టనా, బేబీ పెట్టనా?"

"ఆరేళ్ళోడికి బేబీ ఏటి!"

"ఏ డాక్టరు రాశారు?"

"ఎవుళూ రాయనేదు. ఈడికే బాగా నేదు, ఈడే వొచ్చినాడు."

అలా ఆ కాగితం మీద మిస్టర్ మేనేజర్ రావు, వయసు ఆరు, పరీక్ష సొంతంగా చేయించుకోవడానికి వచ్చినవారు, అని అచ్చయింది. క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఒకటి.

నరహరి ఆ కాగితాన్ని మడవలేదు. ఆటో దాకా తనే నడిచి వెళ్ళి, విప్పి, రెండు చేతులా ఇచ్చాడు. మన్మథరావు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తొమ్మిదేళ్ళలో ఆ చేతుల నుంచి అతనికి విప్పిన కాగితం అందడం అదే మొదలు. మర్నాడు డయాలసిస్‌కి వస్తూ లాబ్‌లో అరకిలో జీడిపప్పు పొట్లం పెట్టి వెళ్ళాడు. తెల్లగుండ్లు, ఒక్క బద్ద లేదు. ఇందుమతి సగం తీసుకుంది, సగం నరహరి మధ్యాహ్నం మజ్జిగన్నంలో నంజుకున్నాడు.

అంతకు ముందు రోజే, ఆటో వెళ్ళిపోగానే, ఒక పని చేశాడు. అది పని కూడా కాదు, చేతి అలవాటు. మిగిలిన నెత్తురు చుక్కని గాజు పలక మీద సన్నగా సాగదీసి, రంగు వేసి, కడిగి, ఆరాక మైక్రోస్కోపు కింద పెట్టాడు. కుక్క నెత్తురు ఎలా ఉంటుందో చూద్దామని, అంతే. ఎర్ర కణాలు మన వాటిలాగే ఉన్నాయి, కాస్త చిన్నవి. వాటి మధ్య అక్కడొకటి ఇక్కడొకటి, పెద్ద పెద్ద నీలం కణాలు కనబడ్డాయి. కణమంతా కేంద్రకమే నిండిపోయి, అందులో కళ్ళలాంటి చుక్కలు. నరహరి వీపు నిటారైంది. అదే మనిషి నెత్తురైతే ఆ పలక అక్కడే వదిలేసి ఫోను అందుకునేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో నాలుగుసార్లు అలా అందుకున్నాడు, నాలుగుసార్లూ అది రక్తం కాన్సరే.

"కుక్కలకి ఇలాగే ఉంటాయేమో" అనుకున్నాడు.

అడగడానికి మనిషి లేకపోలేదు. టెక్కలిలో కొత్తగా పశువుల క్లినిక్ పెట్టిన డాక్టర్ హేమ బోర్డు మీద నంబరు ఉంది. అడిగితే? "అయ్యా, మీరు కుక్కకి ఎందుకు చేశారు?" అంటుంది. లేదంటే నవ్వుతుంది, "కుక్కలకి అలాగే ఉంటాయండీ, ఆ మాత్రం తెలీదా?" అని. ముప్పై ఏళ్ళు కూడా లేని పిల్ల. జిల్లాలో పెద్ద డాక్టర్లు సైతం "నరహరి చూశాడా? అయితే సరే" అనే కళ్ళు ఇవి. ఆయన పలక తీసి, మూల మీద పెన్సిలుతో పెద్దక్షరాల్లో మే. రావు అని రాసి, స్లైడ్ల పెట్టెలో ఆఖరి గాడిలో దూర్చేశాడు.

మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాల్లో మన్మథరావు కనబడ్డప్పుడల్లా, "ఎలా ఉన్నాడు?" అని నరహరే అడిగేవాడు. "తినడం నేదు గానీ, కిడ్నీలు బాగున్నాయి గదండీ, ఎండలకేమో" అనేవాడు మన్మథరావు. కిడ్నీలు బాగున్న ప్రాణికి ఇంకేదో రావచ్చన్న ఆలోచన ఆ ఊళ్ళలో ఎవరికీ తట్టదు. నరహరికి తట్టింది. తట్టిన ప్రతిసారీ కళ్ళద్దాలు తుడుచుకునేవాడు.

ఒక పొద్దున్న ఫోను మోగింది.

"నరహరిగారా అండీ? నేను హేమని, టెక్కలి నుంచి. మీ లాబ్ రిపోర్టు ఒకటి నా చేతిలో ఉంది. మిస్టర్ మేనేజర్ రావు." అవతల నవ్వు ఆపుకుంటున్న చప్పుడు. వెంటనే గొంతు మారింది. "కుక్కకి బిళ్ళలు కోడిగుడ్లంత ఉన్నాయండి. దవడ కిందే కాదు, భుజాల ముందు, వెనక మోకాళ్ళ వెనకాల, అన్నిచోట్లా. అప్పుడు నెత్తురు పలక మీద వేసి స్మియర్ ఏమైనా చేశారా?"

"లేదండీ" అన్నాడు నరహరి.

ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, తనే ఆశ్చర్యపోయాడు.

"సరే. బిళ్ళలోకి సన్నసూది పెట్టి కణాలు తీసి చూడాలి. నేనింకా మైక్రోస్కోపు కొనలేదు. ఆదివారం మధ్యాహ్నం మీ లాబ్ ఖాళీగా ఉంటుందని మన్మథరావుగారు అన్నారు, రావచ్చా?"

ఆదివారం వాళ్ళు వచ్చేసరికి నరహరి గుమ్మం కడిగించి, పాత దుప్పటి పరిచి సిద్ధంగా ఉన్నాడు. మేనేజరు ఆటో దిగి దుప్పటి దాకా నడవడానికి రెండుసార్లు ఆగింది. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. అయినా నరహరిని చూసి ముందు కాలు చాపింది.

"ఏటి సేత్తన్నావురా, ఈరోజు కాలు కాదు" అన్నాడు మన్మథరావు, ఆ కాలు మెల్లిగా మడిచి కింద పెడుతూ.

హేమ పొట్టిగా, చురుగ్గా ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, భుజం ముందున్న బిళ్ళని రెండు వేళ్ళ మధ్య నిలబెట్టి, సూదిని అలా పెట్టి ఇలా తీసింది. సూదిలో వచ్చింది కంటికి కనబడేంత కూడా లేదు. దాన్ని పలక మీదికి ఊది, ఇంకో పలకతో మెత్తగా సాగదీసి నరహరికి అందించింది. ఆయన రంగు వేశాడు. చేతులకి తెలిసిన పని కాబట్టి అవే చేసుకుపోయాయి.

ముందు హేమ చూసింది. చాలాసేపు చూసి లేచి, "మీరూ చూడండి" అంది.

నరహరి కన్ను పెట్టాడు. ఏం కనబడుతుందో ఆయనకి ముందే తెలుసు. ఆరోజు అక్కడొకటి ఇక్కడొకటి కనబడ్డవి ఇప్పుడు పలక నిండా ఉన్నాయి.

"మంచి బిళ్ళలో రకరకాలవి ఉంటాయండి" అంటోంది హేమ పక్కనుంచి. "ఎక్కువ చిన్నవే ఉంటాయి, మధ్యలో ఏవో కొన్ని పెద్దవి. పుండు వల్ల వాచినా ఆ కలగాపులగం అలాగే ఉంటుంది. ఇక్కడ చూడండి, అన్నీ ఒకే ఈడువి. పక్కనున్న ఎర్ర కణంతో పోల్చండి, రెండింతలు దాటిపోయింది ఒక్కోటీ. ఆ చుక్కలు చూశారా లోపల? ఇది లింఫోమా అండి. నాకు పెద్ద అనుమానం లేదు." కాస్త ఆగి అంది, "మీ రంగు ఎంత బాగా వచ్చిందండీ. కాలేజీలో కూడా ఇంత శుభ్రంగా చూడలేదు నేను."

నరహరి కన్ను తీయలేదు.

"బహుశా నెత్తుట్లో అప్పటికే కనబడుతూ ఉండుంటాయి. మీరు స్మియర్ చేయలేదు కదా, పోన్లెండి."

బయట దుప్పటి మీద మన్మథరావు కుక్క తల ఒళ్ళో పెట్టుకుని, గోడకి వేసిన పాత కేలండరు వంక చూస్తూ కూర్చున్నాడు. హేమ వెళ్ళి ఎదురుగా నేల మీద కూర్చుని, ఇది లింఫోమా అనే కాన్సరని చెప్పింది.

"మందు నేదామ్మా?"

"ఉందండి. ఇది రెండు రకాలు. బి అని ఒకటి, టి అని ఒకటి. బి అయితే ఇంజెక్షన్లకి బాగా లొంగుతుంది, ఏడాది దాకా కూడా హాయిగా తిరగొచ్చు. టి అయితే మందు పెట్టినా ఎక్కువ రోజులు నిలవదు. మైక్రోస్కోపులో రెండూ ఒకలాగే ఉంటాయి. చెన్నైలో ఒక లాబ్‌లో మిషను ఉంది. కణాల్ని ఒక్కొక్కటిగా లేజరు వెలుగు ముందు నడిపిస్తుంది, ఏది ఏ రకమో చెబుతుంది. పంపుదాం."

"బి రావాలని మొక్కుకుంటాను" అన్నాడు మన్మథరావు. తరవాత కుక్క చెవి దగ్గర వంగి, "ఇన్నావా, బి" అని చెప్పాడు.

కణాలు బతికుండగా చేరాలి. చల్లగా ఉండాలి, గడ్డ కట్టకూడదు. పలాసలో ఆ మాత్రం మంచు మీద అధికారం ఉన్నవాడు ఢిల్లీరావే. భావనపాడు చేపల్ని విశాఖ దాకా తోలే వేను అతనిది, అక్కణ్ణుంచి చెన్నైకి కొరియరు. హేమ ఇంకోసారి సూదితో తీసిన కణాల సీసాని నరహరి దూదిలో చుట్టి, డబ్బాలో పెట్టి, మంచు తగలకుండా మధ్యలో అట్టముక్కలు దోపి, పైన "చేప కాదు" అని రాశాడు. "కుక్క కనాలు ఐసులో పెట్టి మద్రాసు పంపుతారేటి పంతులుగారూ?" అన్నాడు ఢిల్లీరావు. "మా అత్త మోకాలికి ఎక్స్‌రే తీయమంటే మూడు నెల్ల నుంచి తీయడం నేదు." అన్నాడు గానీ, ఆ డబ్బాని వంజరం చేపల బుట్టల మధ్య కాక ముందు సీట్లో తన పక్కన పెట్టుకున్నాడు.

సీసా వెళ్ళాక హేమ మాత్రలు మొదలుపెట్టింది. మూడో రోజుకి బిళ్ళలు కరిగిపోయాయి. మేనేజరు అన్నం తింది, కొబ్బరి మట్ట లాక్కొచ్చి పీకింది. మన్మథరావు లాబ్‌కి ఫోను చేసి, "తగ్గిపోనాది పంతులుగారూ! నిన్న ఏరుడోళ్ళ మీద అరిసినాడు!" అన్నాడు. ఇది మాత్రల మాయ, కొద్ది రోజులే ఉంటుందని హేమ ముందే చెప్పింది, ఇద్దరికీ చెప్పింది. ఆ ముక్క మన్మథరావు విననట్టే ఉన్నాడు. నరహరి, "మంచిదండీ, మంచిదండీ" అన్నాడు. ఆ సాయంత్రం శశికళ అడిగింది, నాలుగు చెంబులు పోసుకునేవారు పది పోసుకుంటున్నారేమిటని.

గురువారం పదకొండింటికి చెన్నై నుంచి రిపోర్టు వచ్చింది. ఇందుమతి ప్రింటు తీసి, చదివి, నోరు మెదపకుండా బల్ల మీద పెట్టింది. ఆవిడ నోరు మెదపకపోవడం చూసే నరహరికి సగం అర్థమైంది.

టి.

"మడవండి మరి" అంది ఇందుమతి కాసేపాగి. "గురువారం కదా, సెంటర్లోనే ఉంటాడు మావ."

నరహరి కాగితం చేతిలోకి తీసుకుని, అంచులు కలిపి, మళ్ళీ విప్పేశాడు. మడత పెట్టి చేతిలో పెడితే అయిపోతుంది. మన్మథరావు ఇంకేం అడగడు, తను ఇంకేం చెప్పక్కర్లేదు. పెట్టెలో ఆఖరి గాడిలో ఉన్న పలక అక్కడే ఉంటుంది. అందుకే మడవలేకపోయాడు. "ఈసారి నోటితో చెబుతాను" అన్నాడు. ఇందుమతి ఆయన వంక, దేవుడి రథం రోడ్డు మార్చినంత వింతగా చూసింది.

సెంటరు గేటు పక్కన గోనె మీద మేనేజరు పడుకుని ఉంది. ఈ మధ్య ఇంటి దగ్గర వదిలితే కేకలు పెడుతోందని మన్మథరావు ఆటోలో వెంట తెస్తున్నాడు. నరహరి మోపెడ్ ఆపి, దిగి, రెండు కాళ్ళూ నేల మీదే ఉంచి దాని పక్కనుంచి నడిచాడు. అది తోక రెండుసార్లు నేలకేసి కొట్టింది.

లోపల ఆరు మంచాలు, ఆరు మిషన్లు. మన్మథరావుది కిటికీ పక్కది. ఎడమచేతికి రెండు సూదులు, గొట్టాల్లో నెత్తురు తిరుగుతోంది. గుమ్మంలో నరహరిని చూశాడు. అలవాటు కొద్దీ మొహం చూడలేదు, చేతులు చూశాడు.

చేతిలో కాగితం విప్పి ఉంది.

"బి!" అన్నాడు మన్మథరావు.

ఎంత గట్టిగా అన్నాడంటే నర్సు వెనక్కి తిరిగింది. "మడవనేదు! సూసినారా, పంతులుగారు మడవనేదు! ఒరే ధర్మారావూ, మా మేనేజరోడికి బి వొచ్చినాదిరా!" పక్క మంచం మీది ధర్మారావు లేవలేక తలగడ మీదే తల ఊపాడు. అవతలి మంచం మీది ముసలాయన, ఏం వచ్చిందో తెలియకపోయినా, కాగితం మడవలేదన్నది చూశాడు కాబట్టి ఖాళీ చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. ఆ గదిలో మడవని కాగితం చూసి ఎన్నాళ్ళయిందో. ఆరుగురూ నవ్వుతున్నారు.

నరహరి గుమ్మంలో నిలబడిపోయాడు. జీవితంలో చాలాసార్లు సిగ్గుపడ్డాడు. ఒకసారి పంచె ఊడింది, ఒకసారి కలెక్టరు గారి భార్య శాంపిల్ సీసా చేజార్చాడు. అవన్నీ ఎవరికైనా చెప్పుకుని నవ్వుకోదగ్గవి.

మంచం దాకా వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మన్మథరావుగారూ. బి కాదండీ."

నవ్వు వెంటనే పోలేదు. మొహం మీద కాసేపు అలాగే ఉండిపోయింది, దించుకోవడం మరిచిన బరువులాగా.

"మడవనేదు గదా?"

"నోటితో చెబుదామని. టి వచ్చింది. హేమగారితో మాట్లాడాను. నెలా, రెణ్ణెల్లు."

మిషను గిర్రున తిరుగుతోంది. ధర్మారావు మొహం అటు తిప్పుకున్నాడు.

"ఇంకోటి కూడా ఉంది" అన్నాడు నరహరి. ఈసారి కళ్ళద్దాలు తుడుచుకోలేదు. "మొదటిరోజు నెత్తురు తీశాను కదా. అప్పుడే పలక వేసి చూశాను. ఆ కణాలు అందులో ఉన్నాయి. ఆ రోజే చూశాను నేను."

మన్మథరావు మెల్లిగా తల తిప్పాడు. "సూసి?"

"కుక్కలకి అలాగే ఉంటాయేమో అనుకున్నాను."

"ఇరవయ్యెనిమిదేళ్ళు సూసినోరికి తెలదా?"

"అనుమానం వచ్చింది. డాక్టరమ్మని అడుగుదామనుకున్నాను. సిగ్గేసింది."

"సిగ్గా?" ఆ మాటని మన్మథరావు కోపంగా అనలేదు. రుచి తెలియని వస్తువేదో నాలుక మీద పెట్టుకున్నట్టు అన్నాడు. "అదే నా నెత్తుట్లో సూసుంటే? అడుగుదురా?"

"మనిషికైతే అడిగేవాణ్ణి" అన్నాడు నరహరి. ఇంకో అబద్ధం ఆడే ఓపిక లేదు ఆయనకి.

మన్మథరావు కిటికీ వైపు చూశాడు. కిటికీలోంచి గేటూ, గోనె అంచూ, ఒక వాలిన చెవీ కనబడుతున్నాయి. అటు చూస్తూనే, "అప్పుడే తెలిస్తే బతుకునా?" అన్నాడు.

"పలక సంగతి చెప్పకుండా హేమగారిని అదే అడిగాను. టి కాబట్టి చెప్పలేనన్నారు. ఒంట్లో కండ ఉండగా మొదలుపెడితే ఇంకొన్నాళ్ళు ఉండేదేమో అన్నారు. ఉండకపోవచ్చు అని కూడా అన్నారు."

"ఊఁ."

నర్సు వచ్చి మిషను అంకెలు చూసి వెళ్ళింది. మన్మథరావు కుడిచెయ్యి చాపితే నరహరి కాగితం ఇచ్చాడు. అతను దాన్ని చదవలేదు. దుప్పటి మీద పెట్టి ఒంటిచేత్తో మడవబోయాడు. అంచులు కలవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. సూదులున్న చెయ్యి కదపకూడదు.

"కుదరడం నేదు" అన్నాడు. "మీరే మడవండి పంతులుగారూ."

నరహరి మడిచాడు. నాలుగు మడతలు, అంచు గోటితో నొక్కి, మన్మథరావు చొక్కా జేబులో పెట్టాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో మడత పెడుతూ ఎదుటి మనిషి కళ్ళలోకి చూడడం అదే మొదటిసారి.

తిరిగి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆగాడు. గోనె చివర, కుక్కకి మూరెడు దూరంలో కూర్చున్నాడు. మేనేజరు లేవకుండానే ముందు కాలు చాపింది, ఈయన వచ్చాడంటే ఇదేగా పని అన్నట్టు. ఆయన ఆ కాలు పట్టుకున్నాడు. దారిన పోతూ టీకొట్టు రమణ చూశాడు గానీ, మంచివాడు, విమానం మాట ఎత్తలేదు.

సాయంత్రం హేమకి ఫోను చేసి ఆ పలక సంగతి ఆమెకీ చెప్పేశాడు.

"తెలుసండి" అంది హేమ. "ఆ ఆదివారం మీ స్లైడ్ల పెట్టె తెరిచే ఉంది. పేరు అంత పెద్దక్షరాలతో రాశారు మీరు."

మేనేజరు నలభై ఒక్క రోజులు ఉంది. ఆఖరి వారంలో బిళ్ళలు మళ్ళీ వచ్చాయి, ఈసారి మాత్రలకి కరగలేదు. నరహరి మంగళ, గురు, శనివారాలు మధ్యాహ్నం భోజనం మానుకుని సెంటరు గేటు దగ్గరికి వచ్చి కూర్చునేవాడు, లోపల మన్మథరావు కిటికీలోంచి చూసుకుంటాడని. ఒక శనివారం వచ్చేసరికి గేటు దగ్గర గోనె లేదు. మన్మథరావు డయాలసిస్ అయి, ఆటో కోసం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చంకలో గోనె చుట్ట ఉంది.

నరహరి పక్కన కూర్చున్నాడు. రోడ్డవతల కుక్క ఒకటి ఎవరి మీదో మొరిగితే, నరహరి కాళ్ళు వాటంతట అవే మెట్టు మీదికి లేచాయి. మన్మథరావు చూశాడు. పెదవి ఒక పక్కకి కాస్త కదిలింది, అంతే.

"మొన్న నెత్తురిచ్చినాను గదా" అన్నాడు. "నా కాగితం ఎప్పుడొత్తాది?"

"రేపు."

"మడవకండి. ఎంతున్నాదో నోటితోటి సెప్పీండి." గోనెని ఒళ్ళోకి మార్చుకున్నాడు. "ఇంట్లో అడగడానికి ఇంకెవుళూ నేరు."